పెద్దమనుషుల పంచాయితీల కూసుంటే కోర్టు గడువు ఆగదు

నల్లగొండల గానీ మిర్యాలగూడల గానీ ఫలానా సేటు ఐపీ పెట్టిండంట, అంటే అప్పులు కట్టలేనని కోర్టుల దివాలా పిటిషన్ వేసిండంట అని మాట బయటికొస్తే చాలు, అప్పిచ్చినోళ్లంతా ఆయన ఇంటి ముందట చేరతరు, రెండ్రోజులు లొల్లి చేస్తరు, పెద్దమనుషులు వచ్చి రూపాయికి పావలా ఇప్పిస్తమంటరు, అట్ల ఆర్నెల్లు గడుస్తది, ఇంతల కోర్టు నుంచి నోటీసొస్తది, ఇగ పైసలు పోయినయ్ అని దాన్ని బీరువాల పడేస్తరు. వకీలు దగ్గర గుమస్తా పని నాది, ఇవే కాయితాలు రోజూ చూస్త.

కంపెనీలకు 2016 చట్టం వచ్చింది గానీ మామూలు మనిషి దివాలాకు మన జిల్లాలల్ల ఇంకా 1920 నాటి చట్టమే. ఐదొందల అప్పున్నా పిటిషన్ వేసుకోవచ్చని ఉంటది దాంట్ల, అప్పటి ఐదొందలు మరి! నోటీసు తోటి వచ్చే పిటిషన్ కాపీ వెనక పట్టీలుంటయ్, ఒకదాంట్ల అప్పిచ్చినోళ్ల పేర్లు, ఎవరికెంత, ఇంకోదాంట్ల ఆయన ఆస్తి. పేర్లేమో రెండు పేజీలు, ఆస్తేమో బట్టలు, వంట సామాను, ఒక పాత బండి. రెండంతస్తుల ఇల్లు ఏడికి పోయిందని అడగాల్సింది మనమే, రిజిస్ట్రార్ ఆఫీసుల ఈసీ, అంటే ఆ ఆస్తి ఎవరి నుంచి ఎవరికి పోయిందో చూపే కాయితం, తీస్తే బయటపడ్తది. పిటిషన్ వెయ్యకముందు రెండేళ్లలోపు పెండ్లాం పేరు మీదనో బామ్మర్ది పేరు మీదనో ఊరికే రాసిచ్చి ఉంటే, ఆయన దివాలా అని కోర్టు తేల్చినంక రిసీవర్ (ఆయన ఆస్తి చూసుకోనీకె కోర్టు పెట్టే మనిషి) దాన్ని రద్దు చేయించొచ్చు. నిజంగ పైసలిచ్చి కొన్నోళ్లకు మాత్రం ఏం కాదు.

ఇంకో సంగతి, పిటిషన్ వేసినంత మాత్రాన అప్పు మాఫీ కాదు, కోర్టు దివాలా అని తేల్చాలె, ఆ తర్వాత అప్పుల నుంచి విడుదల చేసే డిశ్చార్జ్ అని ఇంకో ఆర్డర్ కావాలె, మోసం చేసి తెచ్చిన అప్పు ఆ డిశ్చార్జ్ తోటి కూడా పోదు. కాబట్టి నోటీసు మీద ఉన్న తారీఖుకు వకీలును పెట్టుకొని కౌంటర్, అంటే మన జవాబు, వెయ్యాలె, పోకపోతే ఆయన చెప్పిందే రికార్డయితది. ఆస్తి అమ్ముకొని జారుకుంటడేమో అని ముందే అనుమానమొస్తే ప్రామిసరీ నోటు మీద దావా వేసి తీర్పు కంటే ముందే అటాచ్‌మెంట్ (ఆస్తి జప్తు) అడగొచ్చు, కానీ నోటు బతికుండాలె కదా. నోటుకు మూడేండ్లే. ఆలోపు ఎంతో కొంత కట్టించుకొని నోటు వెనక చెల్లు, అంటే ఇంత ముట్టిందని, రాపిచ్చి అప్పు తీసుకున్నోడి సంతకం పెట్టిస్తే మళ్ల మూడేండ్లు. నోటిమాటగ ఇస్త ఇస్త అన్నది లెక్కల రాదు.

యాక్సిడెంట్లల్ల కూడా ఇదే కథ. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాక హైవే మీద ఏదన్న అయితే కారాయన దవాఖాన ఖర్చు నేనే పెట్టుకుంట, కేసొద్దు అంటడు, మనోళ్లు సరే అని దవాఖానల బండి స్లిప్పయి పడ్డడని రాపిస్తరు. కాల్ల రాడ్డేసినంక రెండో ఆపరేషన్ అంటరు, అప్పటికి ఆయన ఫోన్ ఎత్తడు, నష్టపరిహారం కోసం క్లెయిమ్ వేస్తే ఇన్సూరెన్సోళ్లు ముందుగాల తీసేది ఆ స్లిప్పయిన కాయితమే. 2022 ఏప్రిల్ 1 నుంచి క్లెయిమ్‌కు ఆరు నెలల గడువు కూడా పెట్టిండ్రు చట్టంల. అందుకే ఎఫ్ఐఆర్, దవాఖానోళ్లిచ్చే డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు మొదటి రోజు నుంచే జమ చేసుకోవాలె. గుద్దిన బండి దొరకకపోయినా చనిపోతే 2 లక్షలు, పెద్ద దెబ్బయితే 50 వేలు సర్కారు స్కీముల ఉన్నయ్.



రాజీ పడొద్దని అంటలేను నేను, ఆ రాజీ ఏదో లోక్ అదాలత్‌ల చేసుకోండ్రి, అది కోర్టు డిక్రీ (తీర్పు) తోటి సమానం, మీద అప్పీలుండదు, కోర్టుల ఉన్న దావా అయితే కట్టిన ఫీజు కూడా వాపస్ వస్తది. ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు వకీలును ఫ్రీగ పెడ్తరు, జిల్లా కోర్టుల న్యాయసేవా సంస్థ ఆఫీసుంటది, పోలేనోళ్లు 15100కు ఫోన్ కొట్టినా చెప్తరు.