స్కూల్లో ఇన్సులిన్‌కు ఒప్పించడానికి మేం పడిన పాట్లు: నా అనుభవం

నిన్న సాయంత్రం స్కూల్ నుంచి కాగితం చేతికొచ్చింది. ప్రిన్సిపాల్ సంతకం, క్లాస్ టీచర్ సంతకం, స్కూల్ ముద్ర అన్నీ ఉన్నాయి. మా పాప ఇకమీదట క్లాసులోనే షుగర్ చూసుకోవచ్చు, మధ్యాహ్నం అన్నానికి ముందు సిక్ రూమ్‌లో ఇన్సులిన్ వేసుకోవచ్చు, అవసరమైతే పరీక్ష మధ్యలో కూడా గ్లూకోజ్ తినొచ్చు అని అందులో రాసిచ్చారు. దీనికోసం తిరుపతిలో ఒక పేరున్న ప్రైవేట్ స్కూల్ చుట్టూ నేను తిరిగిన తిరుగుడు ఇంకో తల్లికి రాకూడదు. అందుకే అన్నీ గుర్తుండగానే రాసిపెడుతున్నా.

పాప ఐదో తరగతి. వేసవి సెలవుల్లో టైప్ 1 డయాబెటిస్ అని తేలింది. తెగ దాహం, రాత్రి పక్క తడపడం, మనిషి చిక్కిపోవడం చూసి ఆసుపత్రికి తీసుకెళ్తే అదే రోజు చెప్పేశారు. సూది వేయడం, అన్నం కొలిచి పెట్టడం, మీటర్ చూడడం అక్కడే నేర్పించారు. మా పాప తన సూది తనే వేసుకుంటుంది, పెద్దవాళ్లం మేం బెదిరాం గానీ అది బెదరలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంది.

అసలు కష్టం జూన్‌లో స్కూళ్లు తెరిచాక మొదలైంది.

డాక్టర్ మేడం రాసిచ్చిన లెటర్ తీసుకుని నేనూ మా ఆయనా స్కూల్ ఆఫీసుకి వెళ్లాం. ఫీజులు కట్టే రోజులు, హాలు నిండా తల్లిదండ్రులు. లోపల మాట్లాడదాం మేడం అని అడిగినా వైస్ ప్రిన్సిపాల్ లేవలేదు. అందరి ముందే లెటర్ చదివి, "సూదులు స్కూల్లోకి ఎలా తెస్తారమ్మా? మిగతా పిల్లలు భయపడరా? ఇది స్కూలు, ఆసుపత్రి కాదు" అన్నారు. పక్కన కూర్చున్న క్లర్క్, "కొండ కింద ఉంటారు కదా, లడ్డూలు ఎక్కువ పెట్టుంటారు" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మా పాప నా పక్కనే ఉంది. ఒకావిడ తన కూతురి చెయ్యి పట్టుకుని అవతలి బెంచీకి మార్చి, "అంటుకుంటుందా అక్కా?" అని నన్నే అడిగింది.

ఆ క్లర్క్‌కు, ఆవిడకు అక్కడే జవాబు చెప్పాను. ఇక్కడా చెప్తున్నా, ఎందుకంటే మా బంధువుల్లో సగం మందికి ఇప్పటికీ ఇదే అనుమానం. టైప్ 1 స్వీట్లు తింటే వచ్చేది కాదు. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తే దారి తప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. అది పిల్లల తప్పూ కాదు, తల్లి తప్పూ కాదు. ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు. మాత్రలతో తగ్గదు, ఇన్సులిన్ వేయకపోతే ప్రాణం పోతుంది. మా పాప లడ్డూ తింటుంది, దానికి సరిపడా ఇన్సులిన్ లెక్క వేసుకుని తింటుంది.

ఆ తర్వాత నాకు ఒక టైపు చేసిన కాగితం ఇచ్చారు. "మా పాపకు స్కూల్లో ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదు" అని దాని సారాంశం. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద రాయించి సంతకం పెట్టి తెస్తేనే క్లాసులో కూర్చోనిస్తామన్నారు. మా ఆయన మెత్తని మనిషి, "పెట్టేద్దాంలే, పిల్ల చదువు ఆగకూడదు" అన్నారు. నేను పెట్టనన్నాను. ఆ కాగితం మీద సంతకం పెడితే, రేపు పాప కళ్లు తిరిగి పడిపోయినా ఎవరూ కదలరు, కదలనక్కర్లేదని మనమే రాసిచ్చినట్టు అవుతుంది. ఏ తల్లీ ఏ తండ్రీ అలాంటి దానిమీద సంతకం పెట్టొద్దు. ఫీజు ముందే కట్టేశాం అన్న భయంతో మాత్రం అసలు పెట్టొద్దు.

ఇంటికొచ్చాక ఆ రాత్రి పాప, "అమ్మా, నేను వేరే స్కూల్‌కి పోతా" అంది. నాకు ఏడుపొచ్చింది. తెల్లారాక కోపం మాత్రం మిగిలింది.

మళ్లీ వెళ్లినప్పుడు నోటిమాటలు కట్టిపెట్టి కాగితాలు తీసుకెళ్లాను. టైప్ 1 ఉన్న పిల్లలు బోర్డు పరీక్షల హాల్లోకి చాక్లెట్, పండు, నీళ్లు, తినుబండారం తీసుకెళ్లొచ్చని సీబీఎస్‌ఈ 2017లోనే సర్క్యులర్ ఇచ్చింది. జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో రాష్ట్రాలకు రాసిన లెటర్‌లో, డాక్టర్ చెప్పిన ప్రకారం పిల్లలు షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, మధ్యలో ఏదైనా తినడానికి టీచర్లు ఒప్పుకోవాలని ఉంది. ఈ రెండూ ప్రింట్ తీసి, నా అర్జీకి జతచేసి, ఆఫీసులో ఇచ్చి, నా కాపీ మీద తేదీ వేసి ముద్ర కొట్టమన్నాను. క్లర్క్ కొట్టనన్నాడు. "సరే, 'ఈ అర్జీ మేం తీసుకోం' అని రాసివ్వండి. దాన్ని పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తాను" అన్నాను. ముద్ర పడింది.

ఇంతకన్నా పనికొచ్చే సలహా నా దగ్గర లేదు. కుదరదు అన్న ప్రతి మనిషినీ అదే మాట కాగితం మీద రాసివ్వమనండి. నోటితో ఎంత గట్టిగా అన్నా, రాసివ్వడానికి ఎవరూ ముందుకు రారు.

ప్రిన్సిపాల్ పిలిచి మాట్లాడారు. ఒప్పుకున్నట్టే అన్నారు. అయితే మందులూ మీటరూ అన్నీ సిక్ రూమ్‌లో నర్సు దగ్గరే ఉండాలన్నారు. సరే అన్నాం. ఆ నర్సు తెల్లకోటు వేసుకుంటుంది గానీ ఏ నర్సింగ్ కోర్సూ చదవలేదని, రిజిస్ట్రేషన్ లేదని తర్వాత తెలిసింది. అంతకుముందు అదే స్కూల్లో అటెండర్‌గా పనిచేసేదట. ఆమె మీద నాకు కోపం లేదు, జ్వరమొస్తే మాత్ర ఇచ్చి ఇంటికి ఫోన్ చేయడమే ఆమెకు అప్పజెప్పిన పని. అడ్మిషన్ పుస్తకంలో 'క్వాలిఫైడ్ నర్స్' అని అచ్చువేసి డబ్బులు తీసుకున్న యాజమాన్యం మీద మాత్రం కోపముంది. మీరు స్కూల్ చూడటానికి వెళ్తే స్విమ్మింగ్ పూల్ తర్వాత చూడొచ్చు. ముందు సిక్ రూమ్ చూడండి, అక్కడున్నామెను ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం లాంటి నర్సింగ్ కోర్సు ఏదైనా చదివారా అని అడగండి.

ఒకరోజు పీటీ పీరియడ్ అయ్యాక పాపకు చెమటలు, వణుకు. సిక్ రూమ్‌కి వెళ్తే బీరువాకు తాళం. తాళంచెవి తీసుకుని ఆమె భోజనానికి వెళ్లింది. పాప స్నేహితురాలు పరిగెత్తి క్యాంటీన్ నుంచి ఫ్రూటీ తెచ్చి తాగించింది. తాళం తెరిచాక చూస్తే షుగర్ 58. తాగిన తర్వాత కూడా 58 అంటే అంతకుముందు ఎంత ఉందో! ఆ పదేళ్ల పిల్లకు తెలిసింది పెద్దవాళ్లకు తెలియలేదు. ఆ పిల్ల ఇంటికి వెళ్లి వాళ్లమ్మకూ నాన్నకూ దండం పెట్టి వచ్చాను.

ఆరోజు ప్రిన్సిపాల్ గదిలో నేను గొంతు పెంచాను. మీటరూ గ్లూకోజూ బీరువాలో దాచాల్సిన వస్తువులు కావు. షుగర్ 70 కన్నా తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ గానీ, మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు గానీ పడాలి. 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. అప్పుడు కూడా తక్కువుంటే మళ్లీ ఇవ్వాలి. షుగర్ తగ్గిన పిల్లను సిక్ రూమ్‌కి ఒంటరిగా మెట్లెక్కించకూడదు, ఎక్కడుంటే అక్కడే ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. షుగర్ ఎక్కువున్నప్పుడు నీళ్లు, బాత్రూమ్ అడిగితే క్లాస్ మధ్యలో అయినా పంపాలి.

ఇవన్నీ డాక్టర్ మేడం సాయంతో ఒకే పేజీలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించాను. పైన పాప ఫోటో, కింద మా ఇద్దరి నంబర్లు. క్లాస్ టీచర్‌కు, పీటీ సార్‌కు, బస్సు ఆయమ్మకు తలా ఒక కాపీ, ఒక గ్లూకోజ్ ప్యాకెట్ ఇచ్చాను. ఇంగ్లీషులో ఇస్తే ఆయమ్మ చదవలేదు, కానీ పొద్దున, సాయంత్రం పాప ఎక్కువసేపు ఉండేది ఆమె దగ్గరే. మీటర్ పాప బ్యాగులోనే ఉంటుంది. ఇన్సులిన్ మాత్రం మన ఎండలకు బ్యాగులో పెట్టి బస్సులో వదిలేయకూడదు. వాడుతున్నది 30 డిగ్రీలు దాటకుండా చల్లని పౌచ్‌లో, తెరవనిది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్ పక్కన పెడితే గడ్డకట్టి పాడవుతుంది.

గవర్నమెంట్ స్కూల్ పిల్లలకైతే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ ఆరోగ్య పథకం టీమ్ ఏడాదికోసారి వచ్చి ఆరోగ్య పరీక్షలు చేస్తుంది. లక్ష దాకా ఫీజు తీసుకునే స్కూల్లో గ్లూకోజ్ ప్యాకెట్ కోసం ఇంత పోట్లాట పెట్టుకోవాల్సి రావడం అన్యాయం. అది ఎవరు చదివినా సరే, నేను ఇలాగే రాస్తాను.

వైస్ ప్రిన్సిపాల్ ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు, నాకు దాంతో పనిలేదు. క్లాస్ టీచర్ మాత్రం మారారు. వచ్చే నెల చంద్రగిరి కోటకు పిల్లల్ని తీసుకెళ్తున్నారు. తల్లి వెంట రావాల్సిందే అంటారేమో అని టెన్షన్ పడ్డాను. ఆవిడే ఫోన్ చేసి, "మీరు రానక్కర్లేదమ్మా, కిట్‌లో ఏమేం పెట్టాలో, మధ్యాహ్నం ఎన్ని గంటలకు చూడాలో మెసేజ్ పెట్టండి చాలు" అన్నారు. పెట్టేశాను.