ఆమదాలవలసలో దిగి, గోడవైపు తిరిగిన ర్యాక్ దాకా

శనివారం తెల్లారుతూనే విశాఖలో పలాస పాసింజర్ ఎక్కాను. భుజానికి ఒక బ్యాగు, అందులో ఒక జత బట్టలు, స్క్రూడ్రైవర్లు, నెట్‌వర్క్ కేబుల్, సర్వర్లు బిగించడానికి ఓ పాతిక కేజ్ నట్లు. బట్టల మధ్యలో స్టాటిక్ తగలని కవర్లలో చుట్టిన రెండు 4 టీబీ హార్డ్ డిస్కులు. విజయనగరంలో జనం ఎక్కి పెట్టె కిక్కిరిసిపోయినా ఆ బ్యాగుని పైన పెట్టలేదు, ఒళ్లోంచి దించలేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ "ఏటి బాబూ, పసిపిల్లాడిని పట్టుకున్నట్టు పట్టుకున్నావ్" అంది. నాకు అలాగే ఉంది మరి.

శ్రీకాకుళంలో ఒక సంస్థ ఉంది, పేరు రాయను. వాళ్ల సర్వర్ల బాధ్యత ఈ సంవత్సరమే నా చేతికొచ్చింది. ఏప్రిల్ దాకా అన్నీ విశాఖ నుంచే చూసుకున్నాను. ర్యాక్ అంటే సర్వర్లని ఒకదాని మీద ఒకటి బిగించే బీరువా లాంటిది. అందులో పెట్టే సర్వర్ లోపల విడిగా ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది, డెల్‌లో ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీలో ఐఎల్‌ఓ అంటారు. అసలు సర్వర్ ఆపేసి ఉన్నా ప్లగ్గులో కరెంటు ఉంటే చాలు, అది మేలుకునే ఉంటుంది. ఫ్యాన్ ఎంత వేగంతో తిరుగుతోంది, లోపలికి వెళ్లే గాలి ఎంత వేడిగా ఉంది, ఏ డిస్కు మూలుగుతోంది, అన్నీ చెప్తుంది. మే మొదటి వారం నుంచి అది రోజూ ఒకటే చెప్తోంది. రాత్రి తొమ్మిది దాటాక లోపలికి వెళ్లే గాలి వేడెక్కుతుంది, తెల్లారేసరికి 38 డిగ్రీలు, పొద్దున్న ఎనిమిదిన్నరకి మళ్లీ దిగడం మొదలవుతుంది. సర్వర్ గదులకి 18 నుంచి 27 డిగ్రీలు మంచిదని లెక్క. మామూలు సర్వర్లు 35 దాకా తట్టుకునేలా చేస్తారు. ఫోన్ చేసి అడిగితే "ఏసీ బాగానే పనిచేస్తోందండీ, ఇప్పుడే చూశాం" అనేవారు. వాళ్లు చూసింది పగలు.

గురువారం రాత్రి ఒక డిస్కు పోయింది. శుక్రవారం మధ్యాహ్నానికి ఇంకొకటి, నేనూ పోయేలా ఉన్నాను అని ముందస్తు హెచ్చరిక పెట్టింది. నాలుగు డిస్కుల రెయిడ్ 5 అది, అంటే డేటాని నాలుగు డిస్కుల మీదా పంచి రాసే పద్ధతి, ఒకటి పోతే తట్టుకుంటుంది, రెండోది పోతే మొత్తం పోయినట్టే. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

రైలు పొందూరు దాటి, దూసి దగ్గర నాగావళి మీదకి వచ్చేసరికి ఎండ చురుక్కుమంది. మే నెల కదా, ఏట్లో నీళ్లకన్నా ఇసకే ఎక్కువ కనపడుతోంది. తర్వాత ఆమదాలవలస. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది గానీ ఊళ్లోకి ఇంకో పన్నెండు పదమూడు కిలోమీటర్లు పోవాలి. కొత్తవాళ్లు ఇక్కడే తికమక పడతారు. బయట ఆటో ఎక్కి డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర దిగి, నాలుగు ఇడ్లీలు తిని నడిచి వెళ్లాను. పదకొండున్నరకి గది తలుపు తీశారు.

తలుపు తీయగానే నాకు అర్థం కాలేదు. ఎదురుగా ర్యాక్ వీపు కనపడుతోంది. కేబుళ్లు, పవర్ సప్లైల పచ్చ లైట్లు, మొహాన కొడుతున్న వేడి గాలి. ఏసీ ఈ పక్క గోడకే ఉంది, దాని చల్లగాలి తిన్నగా ర్యాక్ వీపు మీదకి వస్తోంది. సర్వర్ ముందు నుంచి చల్లగాలి పీల్చుకుని వెనక నుంచి వేడిగాలి వదులుతుంది, ఎవరు చేసినా ర్యాక్ సర్వర్ తీరు ఇదే. ఇక్కడ ముందు భాగం అవతలి గోడవైపు ఉంది, మధ్యలో మనిషి పక్కకి తిరిగి దూరేంత సందు. ఆ సందులో చేరిన వేడినే మళ్లీ మళ్లీ పీలుస్తున్నాయి ఆ మూడు సర్వర్లూ.

దాన్ని వెంటనే తిప్పేయాలనిపించింది, కానీ తిప్పలేదు. ఒక డిస్కు లేని స్థితిలో, ఇంకొకటి ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడు ర్యాక్‌ని కదిపితే అంతే సంగతులు. ముందు బ్యాకప్. రీబిల్డ్ అంటే మిగిలిన మూడు డిస్కులనీ మొదటి నుంచి చివరి దాకా చదివి కొత్తదాని మీద రాయడం, ఆ చదవడంలోనే నీరసంగా ఉన్న డిస్కు ప్రాణం వదులుతుంది. అందుకే కొత్త డిస్కు చేతిలో ఉన్నా సరే బ్యాకప్ లేకుండా పెట్టకూడదు. డేటా 2.6 టీబీ, ఒక గిగాబిట్ లైను మీద సెకనుకి 110 ఎంబీ వెళ్లినా ఆరున్నర గంటలు. పన్నెండుం పావుకి మొదలుపెట్టి, ఒక పెద్ద టేబుల్ ఫ్యాన్ తెప్పించి ఆ సందులోకి తిప్పి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

సాయంత్రం ఏడు దాటాక సందులోకి దూరాను. నడుముకి ఒక పక్క గోడ, ఒక పక్క సగమే తెరుచుకునే అద్దం తలుపు, చేతిలో ఫోన్ లైటు. స్క్రీన్ మీద స్లాట్ 2 పోయిందని ఉంది. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి స్లాట్ 2 అంటే మూడో డిస్కు. కంగారులో రెండోది లాగేసి బాగున్న డేటాని పోగొట్టుకున్నవాళ్లని నేను చూశాను. అందుకే లాప్‌టాప్ నుంచి ఆ డిస్కు లైటు మిణుకుమిణుకుమనేలా ఆదేశం ఇచ్చి, కళ్లతో చూసి, వేలు పెట్టి తాకి, ఆదేశం ఆపి లైటు ఆగిందో లేదో చూసి, మళ్లీ ఇచ్చి, అప్పుడు గొళ్లెం నొక్కాను. లోపల పళ్లెం తిరగడం ఆగేదాకా అర నిమిషం అంగుళం బయటికి లాగి ఉంచి, ఆ తర్వాత పూర్తిగా తీశాను. అప్పటికీ వేడిగానే ఉంది, అన్నం గిన్నె అడుగు పట్టుకున్నట్టు. కొత్తది తోసి టక్‌మన్నాక గొళ్లెం మూశాను. ఏడుంపావుకి రీబిల్డ్ సున్నా శాతం.

తొమ్మిదయింది. ఆఫీసు అటెండర్ వచ్చాడు, అరవైకి దగ్గర వయసు, బాబాయ్ అని పిలవడం అలవాటైంది మధ్యాహ్నం నుంచే. నన్ను చూసి మొహమాటపడుతూనే ఏసీ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"అదేంటి బాబాయ్?"

"రాత్రి తొమ్మిదయ్యేసరికి కట్టీమన్నారు బాబూ. ఎండాకాలం కరెంటు బిల్లు ఎక్కువొచ్చేస్తందని ఈ నెల నుంచే."

నేను వారం రోజులు ఆ వేడి చూపించే గ్రాఫు గీతల్లో వెతికిన జవాబు ఇది. ఆయన్ని ఏమంటాం, చెప్పిన పని చేశాడు. కట్టమన్నవాళ్లకి మాత్రం ఫోన్ చేసి వివరంగా చెప్పాను. ఏసీ ఆపితే సర్వర్ ఫ్యాన్లు పరుగెత్తుతాయి, ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది తినే కరెంటు ఎనిమిది రెట్లు అవుతుంది, కాబట్టి మిగిలిందనుకున్న డబ్బులో కొంత ఇటు పోతుంది, మిగతాది డిస్కుల రూపంలో పోతుంది అని. విన్నారు. ఆ రాత్రి ఏసీ ఆగలేదు.

బాబాయ్ ఇంటికి వెళ్లలేదు. ఫ్లాస్కులో టీ తెచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ర్యాక్‌ని ఇలా గోడకి తిప్పి ఎవరు పెట్టారు బాబాయ్ అని మామూలుగా అడిగాను, పెట్టినవాళ్లని రెండు తిట్లు తిట్టుకునే మనసుతోనే.

"మేమే పెట్టినాం బాబూ. తిత్లీ గాలప్పుడు."

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అక్కడి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి చెట్లూ జీడి మామిడి తోటలూ నేలమట్టమయ్యాయి, కరెంటు స్తంభాలు వేలల్లో పడ్డాయి, చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇది నాకూ తెలుసు. ఈ గది సంగతి తెలీదు. అప్పట్లో ఇప్పుడు ఏసీ ఉన్న గోడకి కిటికీ ఉండేదట. గాలికి రెక్క ఊడిపోయి వాన జల్లు తిన్నగా ర్యాక్ ముందు భాగం మీద పడుతుంటే, ఈయనా వాచ్‌మనూ ఇద్దరే కరెంటు కట్టేసి, తీగలు పీకేసి, మీదన బరకం కప్పేసి, తెల్లారేదాకా దాన్ని తోసి తోసి మొహం గోడవైపు తిప్పారు. "అద్దం పక్కకి నీరు ఎల్తే పాడయిపోతాదని అటు తిప్పీసినాం బాబూ. ఒక్క చుక్క లోపలికి పోనీలేదు." తర్వాత కిటికీ మూసి ఇటుక కట్టారు, అదే చోట ఏసీ బిగించారు, తీగలు పెట్టడానికి వచ్చిన మనిషి ర్యాక్ ఎలా ఉంటే అలాగే తగిలించి వెళ్లిపోయాడు. ఏసీ రాత్రింబవళ్లు తిరిగినన్నాళ్లూ ఆ వేడి బయటపడలేదు.

నేను టీ గ్లాసు కింద పెట్టి ఆయన చేతులు చూశాను. ఆ రోజు మీరు తిప్పకపోతే నాకు ఇప్పుడు కాపాడడానికి డేటానే లేదు బాబాయ్ అన్నాను. ఆయన "అదేటి బాబూ" అని గ్లాసులు కడగడానికి లేచాడు.

నాలుగు అవడానికి పావుగంట ముందు రీబిల్డ్ నూరు శాతం అయింది. రెండో డిస్కునీ అలాగే లైటు వెలిగించి చూసుకుని మార్చాను. ఇది మధ్యాహ్నం దాకా నడుస్తుంది. ఏసీ ఎలాగూ నడుస్తోంది, గదిలో బాబాయ్ ఉన్నాడు. ఆదివారం, పైగా అరసవల్లి ఇంత దగ్గర, వెళ్లకపోతే మా అమ్మ ఊరుకోదు. ఐదున్నరకే క్యూ మొదలైపోయింది, పిల్లాజెల్లా, గుండ్లు చేయించుకున్నవాళ్లు, తడి బట్టలతో ప్రదక్షిణలు చేసేవాళ్లు. సూర్యనారాయణమూర్తి ముందు నిలబడ్డప్పుడు నా తలలో నడుస్తున్నది మాత్రం ఆ శాతం అంకె. తొందరగా వచ్చేశాను.

ఒంటిగంటకి అన్ని సర్వర్లనీ వరసగా షట్‌డౌన్ చేసి, ప్రతి తీగకీ రెండు చివర్లా కాగితం చీటీ అంటించి, ఫొటోలు తీసి, అప్పుడు పీకాం. 42 యూ ర్యాక్ అంటే లోపలి ఎత్తే ఆరడుగుల పైన, ఒక్కో యూ అంగుళంముప్పావు. కింద కాళ్లు పైకి తిప్పి చక్రాల మీద నిలబెట్టి నలుగురం తిప్పాం. ఎక్కడ పట్టుకోవాలో, ఎటు ఒరుగుతుందో బాబాయే చెప్పాడు, ఆయనకి గుర్తుంది.

తీగలు తగిలించేటప్పుడు ఇంకోటి బయటపడింది. ఒక్కో సర్వర్‌కి రెండు పవర్ సప్లైలు ఉన్నాయి, రెండూ ఒకే యూపీఎస్‌కి వెళ్లే ఒకే ప్లగ్గుల పట్టీకి పెట్టి ఉన్నాయి. ఆ యూపీఎస్ పడితే రెండూ పడతాయి, మరి రెండోదానికి డబ్బు పెట్టి కొన్నదెందుకు? పక్క హాల్లో ఆఫీసు కంప్యూటర్లకున్న యూపీఎస్‌లో లోడు సగం కూడా లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి అక్కణ్ణుంచి విడిగా ఒక లైను లాగించి రెండో పవర్ సప్లైలన్నీ దానికి మార్చాను. సర్వర్లు లేచాక, గుండె చిక్కబట్టుకుని, మొదటి పట్టీ స్విచ్ కట్టేశాను. ఫ్యాన్లు ఒక్కసారి హోరుమన్నాయి, మూడు సర్వర్ల వెనకా ఒక్కో లైటు ఆరెంజ్ రంగుకి మారింది, ఏదీ పడలేదు. మళ్లీ వేసి, రెండోది కట్టి చూశాను. అదీ నిలబడింది.

అప్పుడు బాబాయ్ అద్దం తలుపు తీసి ముందు చెయ్యి పెట్టాడు, వెనక్కి వెళ్లి అక్కడా పెట్టాడు, మళ్లీ ముందుకొచ్చాడు. "ఇటు సల్లగా లాగుతంది, అటు ఏడి ఒదుల్తంది" అన్నాడు. ఏసీ స్విచ్ పక్కన 'రాత్రి కూడా ఆపకూడదు' అని పెద్దక్షరాలతో తెలుగులో రాసి టేపు వేశాను. అది సరిగ్గా అంటుకోలేదని ఆయన ఊడదీసి నాలుగు మూలలా మళ్లీ వేశాడు.

తిరుగు రైలు విజయనగరం దాటేసరికి తొమ్మిది. ఒళ్లో బ్యాగు ఉంది, అందులో పాత డిస్కులు రెండూ. ఫోన్ తీసి చూశాను, 23 డిగ్రీలు. కోరుకొండ దాటాక మళ్లీ చూశాను, గీత అక్కడే ఉంది. కొత్తవలసలో బాబాయ్ నుంచి ఫోన్.

"బాబూ, తొమ్మిదిన్నరయింది. కట్టలేదు."