బంపర్ వెనక రాడార్

మా ఫ్యాక్టరీలో సాల్వెంట్ ట్యాంకుల మీద రాడార్ లెవల్ ట్రాన్స్‌మిటర్లు ఉంటాయి. మూత మీద బిగించి ఉంటాయి. అక్కణ్నుంచి కిందికి తరంగాలు పంపుతాయి. అవి ద్రవానికి తగిలి తిరిగొచ్చాక, లోపల ఎంత ఖాళీ ఉందో లెక్కకట్టి కంట్రోల్ రూముకి చెబుతాయి. పైడిభీమవరంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్‌గా వాటిని తుడవడం, సెట్ చేయడం, మొరాయించినప్పుడు తిట్టుకోవడం నా పని. అందుకే పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా బావమరిది ఏడాస్ (రాడార్, కెమెరాలతో డ్రైవరుకి సాయపడే ఏర్పాటు) ఉన్న ఎస్‌యూవీ కొని, "బావా, ముందు బండిని చూసి ఇది దానంతటదే బ్రేకేస్తాది, ఎలాగేటి?" అని అడిగితే నాకు పెద్ద వింతగా అనిపించలేదు. మా ట్యాంకును అడ్డంగా పడుకోబెట్టి చక్రాలు తగిలించారు, అంతే.

మామూలు క్రూజ్ కంట్రోల్, అంటే మనం పెట్టిన వేగాన్ని దానంతటదే నిలబెట్టేది, పాత సంగతే. అమెరికాలో రాల్ఫ్ టీటర్ అనే ఇంజినీరు దానికి 1950లో పేటెంటు తీసుకున్నాడు. చిన్నప్పుడే చూపు పోయిన మనిషి. తన లాయరు కారు నడుపుతూ, మాట్లాడేటప్పుడు నెమ్మదించడం, వినేటప్పుడు దూకించడం చేస్తుంటే ప్రాణం విసిగి ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. 1958 మోడల్ క్రైస్లర్ ఇంపీరియల్‌లో అది మార్కెట్లోకి వచ్చింది. ఎనభై అని పెడితే ఎనభైలోనే పోతుంది, ముందు గోడ ఉన్నా సరే. దానికి ముందుచూపు వచ్చింది, అంటే ముందు బండిని బట్టి నెమ్మదించే అడాప్టివ్ క్రూజ్ అయింది 1995లో, జపాన్‌లో మిత్సుబిషి డయామాంటే కారుతో. లేజర్‌తో దూరం కొలిచి యాక్సిలరేటర్ తగ్గించేది, గేరు దించేది, బ్రేకు మాత్రం వేసేది కాదు. ఆ దశాబ్దం చివర్లో మెర్సిడెస్ వాళ్లు ఎస్ క్లాస్‌లో రాడార్ పెట్టి బ్రేకు కూడా దాని చేతికిచ్చారు. మన దగ్గర 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ 700 వచ్చాకే మాలాంటివాళ్ల ఇళ్లలో ఈ మాట వినబడటం మొదలైంది.

ఇప్పుడు రాడార్ సంగతి. కంపెనీ గుర్తు వెనకాలో, బంపర్ కింది జాలీలోనో అరచేతిలో పట్టేంత డబ్బా ఉంటుంది. 77 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. అంటే తరంగం పొడవు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. పంపే ఫ్రీక్వెన్సీని ఒకచోట నిలపకుండా పైకి ఎక్కించుకుంటూ పోతుంది. పంపినది లారీకి తగిలి తిరిగొచ్చేలోపు ఇక్కడి ఫ్రీక్వెన్సీ ఇంకాస్త పైకెక్కి ఉంటుంది. ఆ రెండింటి తేడా చూస్తే దూరం తెలిసిపోతుంది. 150 మీటర్ల దూరంలో లారీ ఉందంటే తరంగం వెళ్లి రావడానికి సెకనులో పది లక్షల వంతు పడుతుంది. స్టాప్‌వాచీతో కొలవగలిగేది కాదు కాబట్టే ఈ తేడా ఉపాయం. మా ట్యాంకుల మీద ఉన్నవీ ఇలాగే కొలుస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం కారు రాడార్ మాదానికంటే ముందుంది. ట్యాంకులో మట్టం నెమ్మదిగా మారుతుంది, దాని వేగంతో మాకు పెద్దగా పని లేదు. కారుకి దూరం ఎంత ముఖ్యమో, ముందు బండి దగ్గరవుతోందా దూరమవుతోందా అన్నదీ అంతే ముఖ్యం. దగ్గరయ్యే వస్తువు నుంచి తిరిగొచ్చే తరంగం కాస్త ఎక్కువ ఫ్రీక్వెన్సీతో వస్తుంది. ఇంటర్‌లో చదివిన డాప్లర్ ఎఫెక్టే. రెండు బండ్ల వేగాల మధ్య తేడా గంటకు 36 కిలోమీటర్లుంటే ఆ మార్పు సుమారు 5 కిలోహెర్ట్జ్. 77 గిగాహెర్ట్జ్ ముందు అది ఎంత? అయినా పట్టేస్తుంది.

అద్దం పైన ఉండే కెమెరా లేన్ గీతలు చూసి, రాడార్‌కి కనబడుతున్న నాలుగు బండ్లలో మన దారిలో ఉన్నది ఏదో తేలుస్తుంది. మలుపులో ఈ లెక్క కొంచెం తడబడుతుంది. పక్క లేన్ లారీని మనదే అనుకుని ఉత్తపుణ్యానికి నెమ్మదించేస్తుంది.

లోపల కంట్రోల్ ఎలా జరుగుతుందో మా బావమరిదికి కాగితం మీద గీసి చూపించాను. ఇద్దరు మేస్త్రీలు ఉన్నారనుకో అన్నాను. ఒకడు నువ్వు పెట్టిన 90 నిలబెట్టేవాడు. రెండోవాడు ముందు బండితో ఎడం నిలబెట్టేవాడు. ఎంత యాక్సిలరేటర్ కావాలో ఇద్దరూ చెబుతారు, తక్కువ అడిగినవాడి మాటే చెల్లుతుంది. మా ప్లాంటులో దీన్ని లో సెలెక్టర్ అంటాం. రోడ్డు ఖాళీగా ఉంటే మొదటివాడి రాజ్యం, ముందు లారీ కనబడితే రెండోవాడి రాజ్యం.

ఎడాన్ని మీటర్లలో పెట్టరు, సెకన్లలో పెడతారు. తెర మీద గీతలు కనిపిస్తాయి చూడండి, అవే. దగ్గరి గీత అంటే కాస్త అటూఇటూగా ఒక సెకను, దూరపు గీత అంటే రెండు సెకన్లు, ఆ పైన. గంటకు 90 అంటే సెకనుకి 25 మీటర్లు. రెండు సెకన్లంటే 50 మీటర్లు. మన హైవే మీద 50 మీటర్ల ఖాళీ కనబడితే ఎవరైనా ఊరుకుంటారా? శ్రీకాకుళం నుంచి రణస్థలం దాకా చూడండి. ఆటో దూరుతుంది, షిఫ్టు టైముకి పరుగెత్తే ఫ్యాక్టరీ బస్సు దూరుతుంది, సిలిండరు కట్టుకున్న బైకు దూరుతుంది. దూరినప్పుడల్లా కారు బుద్ధిగా బ్రేకు వేసి, కొత్తవాడికీ 50 మీటర్లు వదులుతుంది. అందులోకి ఇంకొకడు. "ఇలాగైతే మనం వెనక్కే పోతాం బావా" అని మావాడు దగ్గరి గీతకి మార్చేశాడు. నేనైతే దూరపు గీతే పెడతాను. ముందుకి దూరినవాడి వల్ల మనకి పోయేది అర నిమిషం.

అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. మా ట్యాంకుల్లో బాఫిల్ ప్లేట్లు, డిప్ పైపులు, నిచ్చెన మెట్లు ఉంటాయి. రాడార్‌కి అవి కూడా ప్రతిధ్వని ఇస్తాయి. వదిలేస్తే నిచ్చెన మెట్టునే మట్టమనుకుని, ట్యాంకు నిండిపోయిందని అలారం కొడుతుంది. అందుకని ఖాళీ ట్యాంకులో ఒకసారి స్కాన్ చేసి, కదలకుండా ఉన్న వీటిని పట్టించుకోవద్దని దానికి నేర్పుతాం. కారులోనూ ఇదే సమస్య ఉంది. సైన్‌బోర్డులు, ఫ్లైఓవర్ దూలాలు, డివైడర్ రెయిలింగు, రోడ్డు మీద ఇనుప మూతలు, అన్నీ ప్రతిధ్వని ఇస్తాయి. ప్రతిదానికీ బ్రేకు వేస్తే బండి మడపాం టోల్‌ప్లాజా కూడా చేరదు. కాబట్టి సరిగ్గా మన వేగంతోనే మన మీదికి వస్తున్నట్టు కనబడేది నేలకి అతుక్కుని ఉన్న వస్తువని తేల్చి, చాలావాటిని పక్కన పెట్టేస్తుంది. ఆగి ఉన్న లారీ కూడా నేలకి అతుక్కుని ఉన్నదే కదా!

టెక్కలి దగ్గర ఇది కళ్లారా చూశాం. పలాస నుంచి శ్రీకాకుళం వస్తున్నాం, పొద్దు వాలింది. టెక్కలి అంటే గ్రానైటు. గది అంత రాళ్లను గొలుసులతో కట్టుకుని లారీలు హైవే ఎక్కుతాయి. క్రూజ్ 90కి పెట్టి ఉంది, ముందు బస్సు 70లో పోతుంటే మా బండీ 70లో వెనకాలే పోతోంది. ఉన్నట్టుండి బస్సు కుడికి తప్పుకుంది. ఎదురుగా యాక్సిల్ విరిగి ఆగిపోయిన గ్రానైటు లారీ. వెనక లైట్లు లేవు. గుర్తుగా రోడ్డు మీద నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ పెట్టారు. తెర మీద బస్సు బొమ్మ మాయమైంది, దాని చోట ఇంకేదీ రాలేదు. ఇంజిను గొంతు పెంచింది. దారి ఖాళీ అయింది, యజమాని 90 అన్నాడు కదా అని ఎత్తుకుంటోంది. మావాడి కాలు అప్పటికే బ్రేకు మీద ఉంది కాబట్టి సరిపోయింది.

"అదేటి బావా, అంత లారీ దీనికి కనబడలేదేటి?"

కనబడే ఉంటుంది, లెక్కలోకి తీసుకోలేదు. అంతెందుకు, కార్లతో వచ్చే మాన్యువల్‌లోనే ఆగి ఉన్న వాహనాలను గుర్తించకపోవచ్చని రాసి ఉంటుంది. కొత్త బండ్లలో కెమెరా తోడవడంతో కొంత మెరుగైంది. ఆఖరి క్షణంలో గట్టిగా తొక్కే ఎమర్జెన్సీ బ్రేకింగ్ వేరే ఏర్పాటు, అది వేగం తక్కువున్నప్పుడు బాగా ఆదుకుంటుంది. క్రూజ్ కంట్రోల్ మాత్రం అంత గట్టిగా తొక్కదు. హైవే వేగంలో సెకనుకి సెకనుకి 3.5 మీటర్ల కంటే గట్టిగా వేగం తగ్గించకూడదని దాని ప్రమాణంలోనే ఉంది. ఆ లెక్కన 90 నుంచి ఆగడానికి దాదాపు 90 మీటర్లు కావాలి. మనిషి ప్రాణభయంతో తొక్కితే పొడి రోడ్డు మీద 40 మీటర్లలో ఆగుతుంది, తేరుకునే సమయం కాకుండా.

కోతల రోజుల్లో కోటబొమ్మాళి, నరసన్నపేట వైపు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. ఎడమ లేన్ సగం బంగారంలా పరుచుకుని ఉంటుంది, చుట్టూ రాళ్లు, ఆ చివర తాటికమ్మ. రైతుకి కళ్లం లేక కాదు, తారు మీద తొందరగా ఆరుతుంది. అంగుళం మందం ధాన్యం రాడార్‌కి లెక్కలోకి రాదు. ఆ రోజుల్లో నేను ఆ ముక్కలో క్రూజ్ ఆఫ్ చేయమంటాను. ఆనందపురం నుంచి అనకాపల్లి వైపు ఆరు లేన్ల రోడ్డు మీద మాత్రం ఈ ఏర్పాటు హాయిగా ఉంటుంది, కాదనను.

వేగానికి కళ్లెం వేసే స్పీడ్ లిమిటర్ దీనికంటే సాదా యంత్రం. ఈ రోజుల్లో యాక్సిలరేటర్ కింద తీగ లేదు. పెడల్‌కి రెండు సెన్సర్లుంటాయి, ఒకటి తప్పు చెబితే రెండోది పట్టిస్తుంది. మన కాలు అడిగేది ఒక కోరిక మాత్రమే, ఇచ్చేది కంప్యూటరు. లిమిటర్ 80కి పెడితే ఎంత తొక్కినా 80కి సరిపడా ఇంధనమే ఇస్తుంది. ప్రాణం మీదికొచ్చి పెడల్‌ని అడుగంటా తొక్కితే వదిలేస్తుంది. చాలా కార్లలో అది బ్రేకు జోలికి పోదు. పల్లంలో వేగం పెరిగితే కూత పెట్టి ఊరుకుంటుంది. మన దేశంలో 2019 జూలై నుంచి తయారయ్యే కార్లన్నీ 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా కూత పెట్టాలి. అది లిమిటర్ కాదు, హెచ్చరికే.

లారీలది వేరే కథ. 2015 అక్టోబరు తర్వాత తయారైన రవాణా వాహనాలకు స్పీడ్ గవర్నర్ 80కి, స్కూలు బస్సులు, ట్యాంకర్లు, డంపర్లకు 60కి ఉండాలన్నారు. మా చిన్నాన్న కలకత్తా లైన్లో చాన్నాళ్లు లారీ నడిపాడు. "లోడుంటే అరవైకే మూలుగుతాదిరా, దానికి గవర్నరెందుకు?" అంటాడు. గవర్నర్ ఉన్న రెండు లారీలు పక్కపక్కన పోవడం చూశారా? 75లో పోయేదాన్ని 80లో పోయేది దాటాలంటే ముప్పావు నిమిషం, దగ్గర దగ్గర కిలోమీటరు రోడ్డు పడుతుంది. వెనకున్న కార్లన్నీ హారన్లు. ఆ కిలోమీటరంతా అడాప్టివ్ క్రూజ్ మాత్రం కోపం లేకుండా వెనకాలే పోతుంది. నాకు దానిలో అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే.

యూరప్‌లో 2024 జూలై నుంచి ప్రతి కొత్త కారూ రోడ్డు పక్క బోర్డుల్ని కెమెరాతో చదివి, మ్యాపుతో సరిచూసుకుని, హద్దు దాటితే డ్రైవరుకి చెప్పాలి. ఆపేసినా, మళ్లీ స్టార్ట్ చేయగానే అదే ఆన్ అవుతుంది. మన దగ్గర సగం బోర్డులు ఫ్లెక్సీల వెనక ఉంటాయి. లారీల వెనక మాత్రం 80 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఊరి మధ్యలో కెమెరా దాన్ని చదివేస్తే?

బండి కొన్న కొత్తలో అరసవల్లిలో పూజ చేయించినప్పుడు ఇంకో తమాషా జరిగింది. పంతులుగారు కంపెనీ గుర్తు మీద పసుపు, కుంకుమ పెట్టి, తడి బంతిపూల దండ రెండు వరసలు వేశారు. ఊళ్లోకి వచ్చేసరికి తెర మీద రాడార్ మూసుకుపోయిందని మెసేజ్. నీళ్లు ఈ తరంగాల్ని పీల్చేస్తాయి, తడి దండంటే నీళ్ల తెర లాంటిదే. దండని కాస్త పక్కకి జరిపి, జేబురుమాలుతో తుడిస్తే సరిపోయింది. మా ప్లాంటులో పౌడర్ పట్టిన సెన్సర్లకీ ఇదే వైద్యం.

బంపర్‌కి దెబ్బ తగిలినప్పుడు మాత్రం గుడ్డతో పని జరగదు. రాడార్ ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే 100 మీటర్ల దూరంలో పావు తక్కువ రెండు మీటర్లు, అంటే సగం లేను, తప్పుతుంది. ఎదురుగా గుర్తు బోర్డు పెట్టి మళ్లీ కాలిబ్రేట్ చేయించాలి. పుట్టీ మందంగా పెట్టి రంగు కొట్టించినా చూపు మందగిస్తుంది. మావాడు ముందు ఇనుప గార్డు కూడా బిగిద్దామనుకున్నాడు. రాడార్ ముందు ఇనుము పెట్టడం ఏమిటి, అసలు చట్ట ప్రకారమే కుదరదు అని చెప్పాను. ఆ డబ్బుతో సీటు కవర్లు వేయించాడు.