రైస్ మిల్లు లెవెల్: చిట్టు మళ్ళీ చెట్టయింది

చిట్టు మళ్ళీ చెట్టయింది. మేం గోడో అనే గేమ్ ఇంజిన్‌లో కడుతున్న ఆటలో, రైస్ మిల్లులోకి దూరిన దొంగ వాచ్‌మన్ కంటపడకుండా గుమస్తా ఉత్తరం చదివి తాళం వెతకాలి. ఆ ఉత్తరంలో "తాళం చిట్టు కింద పెట్టాను" అని శుభ్రంగా రాసి ఉంది, చిట్టు అంటే తవుడే. ఆడి చూసినవాళ్ళేమో తవుడు కొట్టులోకి పోకుండా, నేరుగా వాకిట్లో వేపచెట్టు మొదట్లో తడుముకుంటూ వాచ్‌మన్ టార్చికి దొరికిపోతున్నారు. 1080 పిక్సెల్ వరసల మానిటర్ మీద ఈ జబ్బు నయమైంది. 800 వరసల చేతి పరికరంలో, అందులోనూ ఎఫ్‌ఎస్‌ఆర్ (బొమ్మని తక్కువ పిక్సెళ్ళలో గీసి తెరకి సాగదీసే పద్ధతి) వేసుకుని ఆడితే, తిరగబెట్టింది. చకారం మీద గుడికీ ఎత్వానికీ ఉన్న తేడా అంతా ఆ తెరమీద ఐదు పిక్సెళ్ళలోపే.

మిగతావాటికి ఒక్కో ముక్క చాలు. గేటు రిజిస్టరు లెక్క పనిచేస్తోంది: 75 కిలోల బస్తాలు 220 అంటే 16,500 కిలోల వడ్లు, ప్రభుత్వానికి వడ్లు ఆడించి ఇచ్చే కస్టమ్ మిల్లింగ్ లెక్కన వందకి 67 కిలోల పచ్చి బియ్యం, అంటే 11,055 కిలోలు, 50 కిలోల బస్తాలైతే 221. గోడమీద సుద్దతో రాసింది 184. ఎవరూ చెప్పకుండానే ఆడేవాళ్ళు ఆ తేడా పట్టేస్తున్నారు. మొదటి కార్డులో అక్షరాలు ఒక్కొక్కటే వచ్చేచోట "క్ష" ముందు "క్" అని మెరిసి తరవాత మారడం కూడా పోయింది. లేబుల్‌లో విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్‌ని షేపింగ్ (అక్షరాలు కలిసి రూపు కట్టడం) తరవాతకి మారిస్తే చాలు. ఇక ఉత్తరం సంగతి.

కాగితాన్ని తెరంతా పరిచేస్తే ఈ గొడవే లేదు. 1998లో థీఫ్ అదే చేసింది, ఉత్తరం తెరిస్తే ఆట ఆగిపోతుంది. 2012లో వచ్చిన డిజానర్డ్‌లోనూ అంతే. రెండూ గొప్ప ఆటలే, వాటిలో రాతలూ గొప్పవే. కానీ చదివే నిమిషంలో దొంగకి భయం ఉండదు. 2000 నాటి డ్యూస్ ఎక్స్ దారి వేరు, రాత తెరమీదికొచ్చినా లోకం నడుస్తూనే ఉంటుంది. థీఫ్ లాంటి ఉచిత ఆట డార్క్ మాడ్‌లోనూ కాపలావాడు ఆగడు. 2014 నాటి ఏలియన్ ఐసొలేషన్‌లో టెర్మినల్ ముందు నిలబడి చదువుతుంటే ఏలియన్ వెనకనుంచి వచ్చి చంపేస్తుంది. ఈ మిల్లుకి కావలసింది ఆ భయమే. ఎవరి కన్నూ పడకుండా ఎవరిదో ఉత్తరం చదువుతున్నామన్న గుబులు లేకపోతే అది ఉత్తరం కాదు, సమాచారం.

ఆట ఆపితే ఏమవుతుందో కూడా చూడాల్సిందే కాబట్టి చూశాం. సీన్ ట్రీని, అంటే ఆటలోకాన్నంతా, పాజ్ చేస్తే బాయిలర్ రొద ఠక్కున తెగుతుంది, వాచ్‌మన్ చెప్పుల చప్పుడు సగంలో ఆగుతుంది. తెర మూసేసరికి అదే సగం నుంచి మొదలవుతుంది. ఆట వేగాన్ని చెప్పే టైమ్ స్కేల్‌ని 0.25కి దించితే ఇంకో వింత: గోడోలో ఆ అంకె శబ్దం వేగాన్ని ముట్టుకోదు. అడుగు చప్పుడు మామూలుగానే ఉంటుంది, అడుగుకీ అడుగుకీ ఎడం మాత్రం నాలుగింతలు. నిద్రలో నడిచేవాడు కాపలా కాస్తున్నట్టుంది. రెండూ తీసేశాం.

అంటే ఉత్తరాన్నే కాలానికి సరిపెట్టాలి. వాచ్‌మన్ ఒక చుట్టుకి 46 సెకన్లు తీసుకుంటాడు, అందులో ఆఫీసు గది వైపు వీపు ఉండేది 19. మొదటి ఉత్తరం 112 మాటలు. దాన్ని గదిలో ఎవరూ పూర్తిగా చదవలేదు, జేబులో వేసుకుని గోనెల వెనక దాక్కుని తీరిగ్గా చదువుకున్నారు. ఇప్పుడున్నది 30 మాటలు:

"రామారావు గారికి, నిన్న రాత్రి వచ్చిన లారీ కాంటా వేయలేదు. రిజిస్టరులో మాత్రం 220 బస్తాలని రాయించారు. నేను సంతకం పెట్టలేదు. తాళం చిట్టు కింద పెట్టాను, మీరు వస్తే తీసుకోండి. కోడలికి ఏడో నెల, నేను తెల్లవారు బండికి వెళ్తున్నాను."

పదిహేను సెకన్లలో అయిపోతుంది. కోడలి మాట తీసేస్తే ఇంకో సెకను మిగులుతుంది కానీ తీయకూడదు. అది లేని ఉత్తరం చదివినవాళ్ళు "క్లూ దొరికింది" అన్నారు, ఉన్నది చదివినవాళ్ళు "పాపం పారిపోతున్నాడు" అన్నారు. ఈ రెండు మాటల మధ్యే లీనమవడం అనేది ఉంది.

చిక్కు వెలుతురుతో మొదలైంది. ఉత్తరాన్ని కాన్వాస్ లేయర్ (తెరకి అతికే 2డి పొర) మీద పెడితే గదిలో వెలుతురు దానికి అంటదు. చిమ్మచీకట్లో కాగితం ట్యూబులైటులా వెలుగుతుంది. దొంగ దాక్కునే ఆటలో ఇంతకన్నా పెద్ద అబద్ధం లేదు. అందుకే కాగితం 3డి వస్తువైంది: ఏ5 కొలత, 0.148 × 0.210 మీటర్ల క్వాడ్ (పలుచటి నాలుగు మూలల రేకు), దానిమీద సబ్‌వ్యూపోర్ట్‌లో (తెరవెనక విడిగా గీసే చిన్న తెర) వేసిన రాత. ఇప్పుడు చదవాలంటే బల్బు కిందికో బాయిలర్ పొయ్యి ఎదటికో పోవాలి. దొంగ కనబడే కొలత 0 నుంచి 1 దాకా ఉంటే, వాచ్‌మన్ ఆరు మీటర్ల నుంచి 0.35 దగ్గర పట్టేస్తాడు, అక్షరాలు తెలిసేది 0.45 దగ్గర. చదవాలంటే దొరికిపోయే వెలుతురులో నిలబడక తప్పదు. ఈ తేడాని ఎవరైనా తగ్గించమంటే వినేది లేదు. ఆటో ఎక్స్‌పోజర్ ఉంటే మాత్రం ఇదంతా వృథా, కెమెరా చీకట్లో కాగితాన్ని తనే వెలిగించేస్తుంది, కాబట్టి కట్టేయాలి.

మొదట్లో కాగితం కంటికి 38 సెంటీమీటర్ల దూరంలో ఉండేది, నిజంగా చేత్తో పట్టుకున్నంత. నిలువు ఎఫ్‌ఓవీ (కెమెరా చూపు కోణం) 70 డిగ్రీలు. ఆ దూరంలో తెర ఎత్తు 53 సెంటీమీటర్లకి సమానం, అంటే 1080 వరసల మీద ఏ5 కాగితానికి వచ్చేది 426. గీతకీ గీతకీ 15 మిల్లీమీటర్ల ఎడం పెడితే 30 పిక్సెళ్ళు. అందులో పైన గుణింతానికి ఎడం, కింద వత్తుకి ఎడం పోను అసలు అక్షరానికి 11, గుడికో ఎత్వానికో 4. ఇంగ్లీషు ఉత్తరమైతే 30 పిక్సెళ్ళ వరస హాయిగా చదువుకోవచ్చు. తెలుగుకి పైనొక అంతస్తు, కిందొక అంతస్తు కావాలి.

అందరికీ మొదట తోచేది టెక్స్చర్ (కాగితానికి అతికించే బొమ్మ) పెంచుదామనే. 512 × 726 నుంచి 1024 × 1452కి పెంచితే రాత ఇంకా పాడైంది! వ్యూపోర్ట్ టెక్స్చర్‌కి మిప్‌మ్యాప్‌లు (ముందే సగం సగం కుదించి ఉంచిన నకళ్ళు) ఉండవు. 1452 వరసల్ని 426లోకి కుదించాలంటే మూడున్నర వరసలకి ఒకటి. బైలీనియర్ వడపోత పక్కపక్క నాలుగు చుక్కలే చూస్తుంది, మిగతావి గాలికి పోతాయి. సన్నగీతలు తెగి, చెయ్యి కదిలితే మినుకుమంటాయి. దీనికి తెలిసిన వైద్యం ఉంది. సబ్‌వ్యూపోర్ట్‌ని ఒక్కసారే గీయమని, ఫ్రేమ్ పోస్ట్ డ్రా సిగ్నల్ దాకా ఆగి, బొమ్మని ఇమేజ్‌గా తీసి, దానికి మిప్‌మ్యాప్‌లు పుట్టించి, ఇమేజ్ టెక్స్చర్‌గా మార్చి అతికించాలి. సిగ్నల్ కోసం ఆగకపోతే ఖాళీ కాగితం వస్తుంది. ఇలా చేస్తే మినుకు పోయింది, కానీ మసక వచ్చింది. ఆ కుదింపులో జీపీయూ ఎక్కువగా వాడేది 363 వరసల మిప్‌ని, తెరమీద కావలసింది 426. లేని వివరం ఎక్కడినుంచి వస్తుంది?

ఎమ్‌ఎస్‌డీఎఫ్ ఫాంటు (అంచుకి ఉన్న దూరాన్ని దాచుకుని ఎంత కొలతకైనా సాగేది) కూడా చాలామంది చెప్పేదే. దూరం నుంచి దగ్గరకొచ్చే పెద్ద బోర్డులకి అది మంచిదే. గేటుమీది మిల్లు పేరు రామభద్ర ఫాంటులో అలాగే ఉంది, అందంగా ఉంది. ఉత్తరానికి మాత్రం వద్దు. హింటింగ్ (గీతల్ని పిక్సెళ్ళకి సర్దడం) ఉండదు, చిన్న కొలతలో గీతలు మెత్తబడతాయి. పైగా గూగుల్ ఫాంట్స్‌లో దొరికే వేరియబుల్ (మందం మార్చుకోగల) ఫైళ్ళు చాలావాటిలో గీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఎమ్‌ఎస్‌డీఎఫ్‌లో ఆ అతుకుల దగ్గర చిల్లులు పడతాయి. ఫాంట్ల మాటొచ్చింది కాబట్టి: నోటో సాన్స్ తెలుగు అన్నిటికన్నా స్పష్టం, కానీ గుమస్తా ఫోన్లో టైపు చేసి ప్రింటు తీసినట్టుంటుంది. మండలి కాస్త నయం.

అసలు మందు దూరంలో ఉంది. కాగితాన్ని 24 సెంటీమీటర్లకి తెస్తే మీటరుకి 3,200 పిక్సెళ్ళ చిల్లర వస్తాయి, కాగితం ఎత్తు 675, గీతల ఎడం 48, గుడి ఆరేడు. చిట్టు చిట్టులాగే కనబడుతుంది. వెడల్పు 476 పిక్సెళ్ళే కాబట్టి 1920లో తలుపు సందు ఇంకా కనబడుతూనే ఉంటుంది. ఎఫ్‌ఓవీని 50కి తగ్గించినా అక్షరాలు ఇంచుమించు అంతే పెరుగుతాయి, కానీ తలుపు చూపులోంచి జారిపోతుంది, భయమూ దాంతోనే పోతుంది. చదివేటప్పుడు డెప్త్ ఆఫ్ ఫీల్డ్ వేసి వెనక మసక చేయడం ఇంకా అన్యాయం. చదివేవాడి కళ్ళు కాగితం మీదుంటే చూపు కొస తలుపు మీదుండాలి.

ఇక్కడ ఇంకోటి బయటపడింది. తెర వరసల సంఖ్యని 4,480తో భాగిస్తే కాగితాన్ని ఎన్ని మీటర్ల దూరంలో పెట్టాలో వచ్చేస్తుంది: 1080కి 24 సెంటీమీటర్లు, 1440కి 32, 800కి 18. అప్పుడు ఏ తెర మీదైనా కాగితం 670 వరసల ప్రాంతంలోనే ఉంటుంది, 512 × 726 టెక్స్చర్ ఒక్కటే అందరికీ దాదాపు ఒకటికొకటి సరిపోతుంది. మిప్‌మ్యాప్‌ల అవసరం కూడా వంచి పట్టుకున్నప్పుడే. గోడకి ఆనుకుని తెరిస్తే కాగితం గోడలోకి దిగబడకుండా ముందుకి కాగితం దూరాన్ని కాస్త మించిన రే (కనబడని గీత) ఒకటి వేసి, తగిలితే తెరవనివ్వకూడదు. నీడ మాత్రమే వేసేలా పెట్టిన ఒళ్ళు ఉండడంతో బల్బుకి వీపు పెట్టి నిలబడితే తన నీడ తన ఉత్తరం మీదే పడుతోంది. అది అడక్కుండా దక్కిన వరం.

మరి 800 వరసల్లో ఎందుకు చెడింది? ఎఫ్‌ఎస్‌ఆర్ 0.77 అంటే 3డి అంతా 616 వరసల్లోనే తయారై తరవాత సాగుతుంది. కాగితం కూడా 3డినే కదా. సూత్రంలో 616 వేస్తే దూరం 13.75 సెంటీమీటర్లు వస్తుంది, ఆ దూరంలో తెరలో పట్టేది 19.3 సెంటీమీటర్లే, కాగితం 21. పట్టదు. 18 దగ్గరే ఉంచితే గుడి ఐదు పిక్సెళ్ళ లోపు, దాన్ని సాగదీస్తే ఎత్వంలాగే ఉంటుంది. చదివేటప్పుడు స్కేల్‌ని 1.0కి మార్చి చూశాం, బఫర్లు కొత్తగా కట్టుకోవడానికి ఉత్తరం తెరిచిన ప్రతిసారీ ఆట కుదుపుతోంది. టీఏఏ (పాత ఫ్రేములు కలిపి అంచులు నునుపు చేసే పద్ధతి) వేస్తే సరేసరి, ఊపిరికి చెయ్యి ఊగినంతసేపూ అక్షరాలకి తోకలు. 3డి ఎమ్‌ఎస్‌ఏఏకి మారినా ఉపయోగం కొంతే: అది కాగితం అంచుల్ని సరిచేస్తుంది, టెక్స్చర్ లోపలి అక్షరాల్ని ముట్టుకోదు.

చిట్టు బదులు తవుడు అని రాస్తే పోదా అని సలహా. పోతుంది, ఈ ఒక్క ఉత్తరానికి. ఈ మాట తెలిసేలా కుదిరితే లెవెల్లో మిగతా కాగితాలన్నీ తెలుస్తాయి, కాబట్టి కొలబద్దగా అదే ఉంటుంది. చూపు తక్కువున్నవాళ్ళకి సెట్టింగుల్లో మామూలు అక్షరాల ప్యానెల్ ఎలాగూ ఉంది, అది ఎప్పటికీ ఉంటుంది. దానివల్ల లీనం చెడుతుందనేవాళ్ళు ఆ మీట నొక్కకుండా ఉంటే సరి.

ఇప్పుడు తోస్తున్నది ఉత్తరాన్ని మడవడం. ఏ5ని అడ్డంగా మడిస్తే సగం ఎత్తు 10.5 సెంటీమీటర్లు, 13.75 దూరంలో తెరలో సగానికి కాస్త పైన. పై సగం చదివి, విప్పి, కింది సగం చదవాలి. విప్పితే కాగితం గరగర, రెండు మీటర్ల లోపు వాచ్‌మన్ ఉంటే వింటాడు. తాళం మాట మడత కింద పడేలా వరసలు సర్దాలి. ఫాంటు కూడా పోయి చేతిరాత రావాలి: గీతల కాగితం మీద, 8 మిల్లీమీటర్ల గీతలైతే ఒకటి విడిచి ఒకటి రాసి, 300 డీపీఐలో స్కాన్ చేస్తే 1748 × 2480 వస్తుంది, దాన్ని బయటే 512కి కుదించి తెచ్చుకోవాలి.

సిరా రంగుతో ఆడుతుంటే ఇంకో దారి దొరికింది. బాయిలర్ పొయ్యి ఎర్రటి వెలుతురులో గోధుమరంగు సిరా వెలవెలబోతుంది, నీలం నల్లగా తేలుతుంది. ఆల్బెడోలో (వస్తువు తిప్పికొట్టే రంగు) ఎరుపు భాగం గోధుమ సిరాకి 0.25, నీలానికి 0.08, కాగితానికి 0.8, కాబట్టి తేడా మూడింతలు ఒకచోట, పదింతలు ఇంకోచోట. ఎర్ర సిరాకి 0.7, అది పొయ్యి ఎదట కాగితంలో కలిసిపోతుంది. రిజిస్టరులో యజమాని దిద్దుబాట్లన్నీ ఎర్ర సిరాతో వేసి, 184ని 221గా దిద్దినచోటు తెల్ల ట్యూబులైటు కిందే బయటపడేలా పెట్టాలి. ఆ ట్యూబులైటు కాంటా గదిలో ఉంది, దాని స్విచ్ వాచ్‌మన్ కుర్చీ పక్కన.