బ్రౌనీ రుచి చాక్లెట్ ఎంపికలోనే ఉంది

ఇంట్లో బ్రౌనీలు చేయాలనుకునేవారు ఓవెన్ సంగతి ఆలోచించే ముందు చాక్లెట్ ప్యాకెట్‌ను వెనక్కి తిప్పి, అందులో ఏయే పదార్థాలు ఉన్నాయో చదవాలని నా గట్టి అభిప్రాయం. సూపర్ మార్కెట్లలో తక్కువ ధరకు దొరికే డార్క్ కాంపౌండ్ అనే చాక్లెట్ లాంటి దిమ్మలో, కోకో గింజల సహజ కొవ్వు అయిన కోకో బటర్‌కు బదులు ఇతర వంటనూనెల నుంచి తీసిన గట్టి కొవ్వు ఉంటుంది. కేకుల అలంకరణకు అది అనుకూలమే గాని, బ్రౌనీలో వేస్తే తిన్న తరువాత కూడా అంగిలికి జిడ్డు పట్టుకొని ఉంటుంది. కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడి కంటే కాస్త తక్కువలోనే కరుగుతుంది కనుక, అసలైన చాక్లెట్‌తో చేసిన ముక్క నాలుక మీద జిడ్డు మిగల్చకుండా కరిగిపోతుంది. కోకో 55 నుంచి 60 శాతం ఉన్నది ఈ పనికి చక్కగా సరిపోతుంది.

దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశే. గోదావరి ప్రాంతంలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడన అది అంతర పంటగా పెరుగుతుంది. కాయలు పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో సహా గింజలను కొన్ని రోజులు పులియబెట్టి, ఆపైన ఆరబెడితేగాని చాక్లెట్ రుచికి పునాది పడదు. ఆ గింజలతో తయారైన చాక్లెట్ ఇప్పుడు హైదరాబాదులోనూ దొరుకుతోంది. ధర ఎక్కువైనా, పండగకో పుట్టినరోజుకో ఒకసారి దానితో చేసి చూడమని మనస్ఫూర్తిగా చెబుతాను.

ఎనిమిది అంగుళాల చదరపు ట్రేకి 170 గ్రాముల చాక్లెట్, 115 గ్రాముల ఉప్పు లేని బటర్, 200 గ్రాముల పంచదార, రెండు పెద్ద గుడ్లు, 65 గ్రాముల మైదా, 20 గ్రాముల కోకో పొడి, చిటికెడు ఉప్పు కావాలి. బేకింగ్ పౌడర్ అవసరం లేదు. మైదా పెంచినకొద్దీ బ్రౌనీ కేకులా మారిపోతుంది కాబట్టి ఆ కొలతను త్రాసు మీద తూచడమే మంచిది. చాక్లెట్, బటర్ కలిపి, మరుగుతున్న నీళ్ల గిన్నె మీద మరో గిన్నె పెట్టి కరిగించాలి. గుడ్లు, పంచదార కలిపి లేత రంగు వచ్చి చిక్కబడేదాకా అయిదు నిమిషాలు గిలకొట్టాలి. బ్రౌనీ పైన కాగితమంత పలచగా, మెరుస్తూ, వేలితో తాకితే చిటపటమని విరిగే పొర ఏర్పడేది ఇక్కడే: గుడ్డులో బాగా కరిగిన పంచదార కాలేటప్పుడు పైభాగాన ఎండి అలా బిగుస్తుంది. గుడ్డు లేకుండా పెరుగుతో చేసినవి రుచిగానే ఉంటాయి గాని, ఆ పొర మాత్రం అంత బాగా రాదు. తరువాత గోరువెచ్చని చాక్లెట్‌ను అందులో పోసి, మైదా, కోకో పొడి, ఉప్పు జల్లించి, తెల్లటి పొడి కనబడనంత వరకే గరిటెతో మెల్లగా కలపాలి.

అక్రోట్లు వేయడం ఇష్టాన్ని బట్టి ఉంటుంది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శన నాటిదని అక్కడి పామర్ హౌస్ హోటల్ చెప్పుకునే బ్రౌనీలో అక్రోట్లు, పైన ఆప్రికాట్ పూత ఉంటాయి. నేను అక్రోట్లను కాస్త వేయించి వేస్తాను, పూత జోలికి పోను.

ముందుగా వేడెక్కిన ఓటీజీలో (ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో), మధ్య అరలో, 175 డిగ్రీల వద్ద 22 నుంచి 26 నిమిషాలు చాలు. కేకు ఉడికిందో లేదో చూసినట్టు పుల్ల శుభ్రంగా వచ్చేదాకా ఆగితే బ్రౌనీ ఎండిపోయినట్టే. అంచులు బిగుసుకొని, మధ్యలో గుచ్చిన పుల్లకు తడి పలుకులు అంటుకుంటున్నప్పుడే బయటికి తీయాలి, ఎందుకంటే ట్రేలోని వేడికి అది మరికొంతసేపు ఉడుకుతూనే ఉంటుంది. పూర్తిగా చల్లారాక, వేడినీళ్లలో ముంచి తుడిచిన చాకుతో కోస్తే అంచులు నలగవు. ఫ్రిజ్‌లో పెట్టినవాటిని తినడానికి అరగంట ముందే బయట ఉంచాలి, లేకపోతే లోపలి కొవ్వు గట్టిపడి ఉండడం వల్ల చాక్లెట్ రుచి సరిగా తెలియదు.