ఏ కష్టమూ లేని రోజున చేయాల్సిన పని

మంగళవారం. చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేని రోజు. ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు, ఎక్కడినుంచీ చెడ్డ కబురు రాలేదు. ప్రార్థన అలవాటు చేసుకోవడానికి ఇలాంటి రోజే మంచిదని నా నమ్మకం. కష్టం వచ్చాక మొదలుపెడదామంటే అప్పటికి మనసు ఒకచోట నిలవదు. బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడతాయి గాని ఒక్క మాటా తలకెక్కదు.

ఈ ఉదయం ధ్యానానికి దానియేలు 6వ అధ్యాయం వచ్చింది. సింహాల గుహ సంగతి సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. నేను ఆగింది 10వ వచనం దగ్గర. రాజుకు తప్ప ఎవరికీ ప్రార్థన చేయకూడదన్న శాసనం మీద సంతకం పడిందని తెలిశాక కూడా దానియేలు ఇంటికి వెళ్లి "యథాప్రకారముగా అనుదినము ముమ్మారు మోకాళ్లూని" ప్రార్థించాడు. ఆపద వచ్చిందని కొత్తగా ఏదీ మొదలుపెట్టలేదు. అయినా గుహలో పడేశారు, అదీ మరిచిపోకూడదు. ప్రార్థన ఉన్న ఇంటికి శ్రమ రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. "లోకములో మీకు శ్రమ కలుగును" అని ప్రభువే ముందుగా చెప్పారు (యోహాను 16:33).

ఉదయం ఇరవై నిమిషాలు చాలు. ఫోను ముట్టుకోకముందే కూర్చోవాలి. చదివేది అచ్చు బైబిలైతే మేలు, ఫోనులో తెరిస్తే రెండో వచనానికే ఏదో ఒక మెసేజ్ వచ్చి పడుతుంది. రోజుకొక కీర్తన, మన చెవికి వినబడేలా పైకి చదవాలి. 119వ కీర్తనలో 176 వచనాలున్నాయి, దాన్ని మాత్రం ఎనిమిదేసి వచనాల చొప్పున 22 రోజులు చదవాలి. ఆ లెక్కన 150 కీర్తనలూ 171 రోజుల్లో పూర్తవుతాయి. జర్మన్ పాస్టరు డీట్రిచ్ బాన్‌హోఫర్‌ను 1943 ఏప్రిల్‌లో బెర్లిన్‌లోని టెగెల్ జైల్లో పెట్టారు. ఏళ్ల తరబడి చదువుతున్నట్టే ఇక్కడా రోజూ కీర్తనలు చదువుతున్నానని మరుసటి నెలలోనే తల్లిదండ్రులకు రాశారు.

ఏడాదిలో బైబిలంతా చదవాలని మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ. 1,189 అధ్యాయాలు, రోజుకు మూడు నాలుగు. ఫిబ్రవరి నాటికి లేవీయకాండంలో ఆగిపోతారు. వారం తప్పితే ఇరవైకి పైగా అధ్యాయాలు బాకీ పడతాయి, దాన్ని తీర్చబోయి మొత్తానికే మానేస్తారు. బాకీ వదిలేసి ఈ రోజు భాగం చదువుకోవడమే దారి.

కంఠతకు వారానికి ఒక్క వచనం. సోమవారం చేత్తో చీటీ మీద రాసుకోవాలి. రోజూ మూడుసార్లు చూసి చదివి, మూడుసార్లు చూడకుండా చెప్పాలి. అధ్యాయం, వచనం సంఖ్య ముందొకసారి, చివరొకసారి. ఆదివారం పాత వచనాలన్నీ వల్లెవేయాలి. ఈ చివరి పనే అందరూ వదిలేస్తారు, అందుకే నెల తిరిగేసరికి సగం వచనం మిగులుతుంది.

ఏ వచనం ఎంచుకుంటామన్నది ఇంకా ముఖ్యం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డు, అంటే కొత్త ఏడాదికని ఒక బైబిలు వచనం రాసి ఉన్న కార్డు, మన ఇళ్లలో ఏడాదంతా ఫ్రిజ్ మీద ఉంటుంది. చాలామందికి నోటికి వచ్చేది ఆ కార్డుల మీది వచనాలే. యిర్మీయా 29:11లోని "సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు" అన్న మాట ఎన్ని కార్డుల మీద చూశామో! దానికి పై వచనంలోనే డెబ్బై సంవత్సరాలు గడవాలని ఉంది. ఆ మాట ఉన్న యిర్మీయా ప్రవక్త ఉత్తరం బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవాళ్లకు వెళ్లింది, వాళ్లలో పెద్దవాళ్లు తిరుగు ప్రయాణం చూడకుండానే పోయి ఉంటారు. 10వ వచనం తెలియకుండా 11 పట్టుకున్నవాళ్లు ఆరు నెలల్లో పని జరగకపోతే దేవుడు మాట తప్పాడనుకుంటారు. నాకు నిజంగా బాధ కలిగించే సంగతి ఇది. వాగ్దానంతో పాటు ఒక విలాప కీర్తన కూడా నేర్చుకోవాలి. 13వ కీర్తన ఆరే వచనాలు. "ఎన్నాళ్లవరకు" అని దేవుణ్నే అడుగుతుంది. 88వది చీకటిలోనే ముగుస్తుంది, అయినా బైబిల్లో ఉంది. సిలువ మీద ప్రభువు నోట వచ్చింది 22వ కీర్తన మొదటి మాట. అది ఆయనకు ముందే వచ్చు.

పాటలూ అంతే. తెర మీద చూసి పాడడం వచ్చాక రెండో చరణం ఎవరికీ నోటికి రావడం లేదు. ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీలల కాళ్లు కదలకుండా బొండ కొయ్యలో బిగించారు, అర్ధరాత్రి వాళ్లు పాడింది పుస్తకం చూసి కాదు. నెలకొక పాట అన్ని చరణాలతో నేర్చుకోవాలి. కుటుంబ ప్రార్థనలో రోజూ అదే పాడితే పిల్లలకూ వస్తుంది. కుటుంబ ప్రార్థన పావుగంట దాటితే పిల్లలు నిద్రపోతారు.

శుక్రవారం ఉపవాసం మొదలుపెట్టేవాళ్లు గురువారం రాత్రి తిని, మర్నాడు మధ్యాహ్నం మూడింటి వరకు నీళ్లతో ఉంటే చాలు. కాఫీ, టీ అలవాటున్నవాళ్లకు పదకొండింటికల్లా వచ్చే తలనొప్పి చాలావరకు కాఫీ మానినందుకే, రెండు మూడు రోజుల ముందునుంచి తగ్గించుకుంటే సరి. షుగరుకు మందులు వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండొద్దు. విడిచేటప్పుడు మజ్జిగ గాని గంజి గాని తాగాలి, బిర్యానీ కాదు. ఆ పూట ఖర్చు ఆకలిగొన్నవాళ్లకు చేరాలి (యెషయా 58:7). ఉపవాసం రోజు కోపం ఎక్కువవుతుంది. ఎవరి మీద, ఎందుకని రాత్రి రాసుకుంటే మనలో ఏది బలహీనమో తెలుస్తుంది.

ఇవన్నీ చేసినా, ఐసీయూ బయట కూర్చున్నప్పుడు ఒక్క వచనమూ నోట రాని గంట ఉండొచ్చు. మూలుగులతో దేవుని ఆత్మే మన తరఫున విజ్ఞాపన చేస్తాడన్న రోమా 8:26 ఆ గంట కోసమే. పక్షవాయువు గలవాణ్ని యేసు దగ్గరికి నలుగురు మోసుకొచ్చారు, తనంతట తాను రాలేదు. అందుకే అర్ధరాత్రి ఫోను చేయగలిగిన విశ్వాసులను ఇద్దరిని ఇప్పుడే చూసుకుని, ఆ సంగతి వాళ్లతో చెప్పి ఉంచుకోవాలి. ఫోను మనకే వస్తే వివరణలు ఇవ్వకూడదు. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు. వెళ్లి, 13వ కీర్తన చదివి, రెండు నిమిషాలు ప్రార్థన చేసి, రాత్రి భోజనం ఎవరు తెస్తున్నారో, ఆస్పత్రిలో తోడు ఎవరుంటున్నారో కనుక్కోవాలి. ఎవరూ లేకపోతే ఆ రాత్రికి మనమే ఉండిపోవాలి.