డైపర్ సైజు మూడొందల కిలోలు

సెలవు మీద విశాఖ వచ్చిన మూడో రోజే కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర మందుల షాపుకెళ్లి పిల్లల డైపర్లు అడిగాను. "బాబు ఎన్ని కిలోలండి?" అన్నాడు కుర్రాడు.

"మూడొందల పైనే."

పక్కనున్న మా బావమరిది పగలబడి నవ్వాడు. వాడికి ఆర్కే బీచ్‌లో సవారీ గుర్రం ఉంది. డైపర్ దాని గిట్టకి.

షార్జాలో గుర్రాలశాలలో పని నాది. చేరిన కొత్తలో ఒక గుర్రం గిట్టలో మేకు దిగితే, ఆదరాబాదరాగా పట్కారుతో పీకేశాను. మెచ్చుకుంటారనుకున్నా. డాక్టరు వచ్చి తల పట్టుకున్నాడు. మేకు ఉండగా ఎక్స్‌రే తీస్తేనే అది ఎంత లోతుకి, ఎటువైపు వెళ్లిందో తెలుస్తుంది. పీకేస్తే రంధ్రం మూసుకుపోయి మురికి లోపలే ఉండిపోతుంది. పైగా గుర్రాలకి ధనుర్వాతం ఇట్టే పట్టుకుంటుంది. టీకా వేసి ఉంది కాబట్టి బతికిపోయింది, నేనూ బతికిపోయాను. తర్వాత రోజూ ఆ గిట్ట కడిగి, డైపర్ చుట్టి, పైన డక్ట్ టేప్ వేసింది నేనే. ఆ గుర్రం కుంటుతుంటే దాని మొహం చూడలేకపోయేవాణ్ణి.

బావమరిది గుర్రానికి ప్రథమ చికిత్స పెట్టె ఒకటి తయారుచేద్దామని దూది, సెలైన్, మొనలేని కత్తెర, సాగే బ్యాండేజీలు, టార్చి కొన్నాం. గాయాలు కడిగే పోవిడోన్ అయోడిన్ కూడా, కానీ పలచని డికాషన్ రంగొచ్చేదాకా నీళ్లు కలిపే వాడాలి.

"నొప్పి ఇంజెక్షన్ కూడా కొనేద్దాం బావా" అన్నాడు.

"డాక్టరు చెప్పకుండా వద్దురా. కడుపునొప్పి వస్తే గుర్రం వాంతి కూడా చేసుకోలేదు. సూది నొప్పిని కప్పేస్తే లోపలేం జరుగుతోందో డాక్టరుకెలా తెలుస్తుంది?" ఇసుక మీద వేసిన గడ్డి తింటే ఇసుకా కడుపులోకి పోతుందని అప్పుడే చెప్పాను. వాడి నవ్వు ఆగింది.

థర్మామీటరుకి మొలతాడు కట్టి, కొసకి బట్టల క్లిప్పు పెట్టాను. గుర్రానికి థర్మామీటరు పెట్టేది మలద్వారంలో; క్లిప్పు తోకకి పెట్టాలి, లేకపోతే థర్మామీటరు లోపలికి జారిపోతుంది. పెట్టె మూత లోపల మార్కరుతో రాశాను: వేడి 37.5 నుంచి 38.5 సెల్సియస్, నిమిషానికి నాడి 28 నుంచి 44, ఊపిరి 8 నుంచి 16. డాక్టరుకి ఫోన్ చేస్తే ముందు అడిగేవి ఇవే.

సాయంత్రం బీచ్‌లో కురుసుర సబ్‌మెరీన్ మ్యూజియం దగ్గర వాడిచేతే గుర్రం నాడి చూపించాను. దవడ కింద వేళ్లు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో గుణించాలి. వాడికి నాడి దొరకడానికే పావుగంట పట్టింది. ఈలోగా గుర్రం నా జేబులో బెల్లం వెతుక్కుంటోంది.